టాప్ 50 బిజినెస్ స్కూల్ అంటే ఏ లెక్కన?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. అబ్బాయి బీటెక్ చేసి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ప్యాకేజీ ఆరున్నర లక్షలు. ఇప్పుడు ఎంబీఏ చేస్తానంటున్నాడు. మా దగ్గర్లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్ళు 'దేశంలో టాప్ 50లో ఉన్నాం, 95 శాతం ప్లేస్‌మెంట్' అని చెప్పి, సోమవారంలోగా 50 వేలు కడితే సీటు ఖాయం అంటున్నారు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంఈసీ, బీబీఏ చేస్తానంటోంది. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ ఆయన ర్యాంకులున్న అమెరికా కాలేజీల జాబితా చేతిలో పెట్టాడు. నెట్‌లో వెతికితే ఒక్కో జాబితాలో ఒక్కో వరుస. హైదరాబాదులోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఒకదాంట్లో పైనే ఉంది, ఇంకోదాంట్లో అసలు పేరే లేదు. ఏది నమ్మాలి? ఇద్దరికీ కలిపి 35 లక్షల దాకా పెట్టగలను, మిగతాది లోను తీసుకోవాలి.
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: ముందు ఆ సోమవారం సంగతి తేల్చుకుందాం. గడువు పెట్టి తొందరపెట్టే సీటు సాధారణంగా వచ్చే సోమవారానికీ ఖాళీగానే ఉంటుంది. ఒకవేళ కట్టాలనే అనుకుంటే నగదు ఇవ్వకండి. బ్యాంకు ద్వారా కట్టి, రసీదు మీద 'ట్యూషన్ ఫీజు' అని రాయించుకోండి. 'రిజిస్ట్రేషన్', 'డొనేషన్' లాంటి మాటలుంటే తర్వాత వెనక్కి రాబట్టుకోవడం తలనొప్పి. సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన ప్రకారం తరగతులు మొదలవకముందే సీటు వదులుకుంటే, 1,000 రూపాయలకు మించకుండా ప్రాసెసింగ్ ఖర్చు పట్టుకుని మిగతా డబ్బంతా తిరిగివ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు. చూసి ఇచ్చేస్తామంటే చూపించండి, వదిలిపెట్టి రాకండి.

ఇక ర్యాంకులు. నమ్మాలా వద్దా అనే ముందు, ఆ ర్యాంకు ఏ ప్రశ్నకు జవాబో చూడాలి. మీ ప్రశ్న 'మా అబ్బాయికి రెండేళ్ళ తర్వాత ఎలాంటి ఉద్యోగం వస్తుంది, పెట్టిన డబ్బు ఎన్నేళ్ళకు తిరిగొస్తుంది' అని. ఈ ప్రశ్న వేసుకుని జాబితా తయారుచేసేవాళ్ళు అరుదు.

కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల జాబితా సంగతే చూడండి. 2016 నుంచి ఏటా వస్తోంది. మేనేజ్‌మెంట్ విభాగంలో బోధన, వనరులకు 30 మార్కులు, పరిశోధన, కన్సల్టెన్సీ లాంటి వృత్తి పనికి 30, చదువు పూర్తయ్యాక విద్యార్థుల ఫలితాలకు 20, ఇతర రాష్ట్రాలవాళ్ళు, ఆడపిల్లలు, వెనుకబడిన వర్గాలవాళ్ళు ఎంతమంది చేరారన్నదానికి 10, పేరుప్రతిష్ఠలకు 10. ఉద్యోగాలూ, జీతాలూ ఆ మూడో ముక్కలోనే, అదీ ఒక భాగంగా ఉంటాయి. ప్రొఫెసర్లు రాసే పరిశోధన పత్రాల బరువు మీవాడి మొదటి జీతం బరువు కంటే చాలా ఎక్కువన్నమాట. అందుకే 2025 జాబితాలో ఐఐటీ ఢిల్లీ 4వ స్థానంలో, ఐఐఎం కలకత్తా 7వ స్థానంలో ఉన్నాయి. రెండుచోట్లా సీటొచ్చిన విద్యార్థులు మాత్రం సాధారణంగా కలకత్తా వైపే మొగ్గుతారు. జాబితా తప్పని కాదు, అది కొలిచింది వేరు.

ఐఎస్‌బీ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో కనిపించకపోవడం లోపమేమీ కాదు. ఆ జాబితాలో దాని పేరు ఉండదు, అంతే. ఫైనాన్షియల్ టైమ్స్ వారి ప్రపంచ ఎంబీఏ జాబితాలో మాత్రం కొన్నేళ్ళుగా తొలి 50లో ఉంటోంది. ఆ పత్రిక పద్ధతి వేరు. ఏఏసీఎస్‌బీ లేదా ఈక్విస్ అనే అంతర్జాతీయ గుర్తింపు ఉన్న స్కూళ్ళనే తీసుకుంటుంది. కోర్సు పూర్తయి మూడేళ్ళయిన పూర్వ విద్యార్థులను సర్వే చేస్తుంది. జీతానికీ, చేరకముందుతో పోలిస్తే జీతంలో వచ్చిన పెరుగుదలకూ పెద్దపీట వేస్తుంది. ఆ జీతాలను ఆయా దేశాల్లో రూపాయికి, డాలరుకు ఏమొస్తుందో చూసి సర్దుబాటు చేస్తుంది కాబట్టి మన స్కూళ్ళ జీతాల అంకె అక్కడ చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ డాలర్లను నేటి మారకం రేటుతో గుణించి 'ఇంత ఇస్తారట' అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇక్కడే చాలామంది జారిపడే చోటు ఇంకొకటుంది. ఈ పత్రిక ప్రపంచ ఎంబీఏ జాబితాలో కనిపించే ఐఐఎం అహ్మదాబాద్ కోర్సు, అందరూ ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి చేరే రెండేళ్ళ పీజీపీ (అక్కడి ఎంబీఏ) కాదు. అది అనుభవజ్ఞుల కోసం నడిపే ఏడాది పీజీపీఎక్స్. రెండేళ్ళ పీజీపీని 'మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్' అనే వేరే జాబితాలో చూడాలి. స్కూలు ఒకటే, కోర్సులు రెండు, ర్యాంకులు రెండు. ఎక్కడైనా సరే, ర్యాంకు కాలేజీకి కాదు, కోర్సుకు అని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

ర్యాంకులు ఎంత నాజూకైనవో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2023లో ఫైనాన్షియల్ టైమ్స్ జాబితాలో అమెరికాలోని పేరున్న బిజినెస్ స్కూలు వార్టన్ పేరే లేదు. చదువు తగ్గి కాదు, సర్వేకు జవాబిచ్చిన పూర్వ విద్యార్థులు సరిపోలేదని. మరుసటి ఏడాది అదే వార్టన్ మొదటి స్థానంలో నిలిచింది. రెండోది అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం ఫాక్స్ స్కూల్. ఆన్‌లైన్ ఎంబీఏలో వరసగా నాలుగేళ్ళు యూఎస్ న్యూస్ అనే సంస్థ జాబితాలో మొదటి ర్యాంకు. చేరినవాళ్ళంతా జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు ఇచ్చినవాళ్ళేనని లెక్క పంపారు, నిజానికి ఇచ్చింది ఐదో వంతు మంది. 2018లో బయటపడింది. డీన్‌గా ఉన్నాయనకు 2022లో 14 నెలల జైలు శిక్ష పడింది. కాలేజీ పంపిన అంకెలతోనే కట్టిన ర్యాంకులో ఆ అంకెలను ఎవరు సరిచూశారన్నది అసలు ప్రశ్న.

మరి మీ విశ్వవిద్యాలయం 'టాప్ 50' సంగతి? వాళ్ళను మూడు మాటలు అడగండి: ఏ సంస్థ ఇచ్చిన ర్యాంకు, ఏ సంవత్సరానిది, ఏ విభాగంలో. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయాలన్నీ ఇంజనీరింగ్‌తో పెరిగినవే. 'విశ్వవిద్యాలయాలు' లేదా 'ఇంజనీరింగ్' విభాగంలో వచ్చిన ర్యాంకును ఎంబీఏ బ్రోషర్ అట్ట మీద అచ్చేయడం పరిపాటి. అబద్ధం కాదు, కానీ మీవాడు చేరబోయే శాఖకూ ఆ ర్యాంకుకూ సంబంధం లేదు. అలాగే ఒక ఊళ్ళోని క్యాంపస్ ర్యాంకును ఇంకో ఊళ్ళోని క్యాంపస్‌కు తగిలిస్తారు. ఎన్‌ఎంఐఎంఎస్ ముంబై వేరు, హైదరాబాద్ వేరు. ఐఎంటీ ఘజియాబాద్ వేరు, ఐఎంటీ హైదరాబాద్ వేరు. సింబయాసిస్ పేరు మీద ఉన్న సంస్థలైతే వేళ్ళ మీద లెక్కపెట్టలేం.

ఇప్పుడు అసలు పని. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో ర్యాంకు కంటే విలువైనది ఇంకొకటుంది. ప్రతి సంస్థా తాను సమర్పించిన వివరాలను పీడీఎఫ్‌గా బయటపెట్టాలి. ర్యాంకు వచ్చిన సంస్థలవి ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైటులోనే ఉంటాయి. రానివాళ్ళవి కాలేజీ సైటులో, సాధారణంగా పేజీ అట్టడుగున ఉండే 'ఎన్‌ఐఆర్‌ఎఫ్' లింకులో దొరుకుతాయి. ఒకే సంస్థకు ఓవరాల్, ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ అని వేర్వేరు పీడీఎఫ్‌లు ఉండొచ్చు. మీరు తెరవాల్సింది మేనేజ్‌మెంట్ది. అది లేకుండా ఓవరాల్ ఒక్కటే ఉంటే జాగ్రత్త. అందులో 'పీజీ, రెండేళ్ళ కోర్సులు' అనే వరుసలో ఎంబీఏ, ఎంటెక్, ఎంఎస్సీ అన్నీ కలగలిసి ఉంటాయి. ఎంబీఏ అంకె విడిగా తేలదు.

ఆ పీడీఎఫ్‌లో 'ప్లేస్‌మెంట్, ఉన్నత చదువులు' అనే పట్టిక దగ్గర ఆగండి. మూడు బ్యాచ్‌లకు ఒక్కో వరుస ఉంటుంది: ఆమోదించిన సీట్లు, చేరినవాళ్ళు, నిర్ణీత కాలంలో పాసైనవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, వాళ్ళ మీడియన్ జీతం, పై చదువులకు వెళ్ళినవాళ్ళు. లెక్క తెలియడానికి ఊహించి ఒక వరుస రాస్తాను: సీట్లు 120, చేరింది 118, పాసైంది 105, ఉద్యోగాలు 62, మీడియన్ 4,20,000, పై చదువులు 3. చేరినవాళ్ళలో ఉద్యోగం వచ్చింది 62 మందికి, అంటే 52 శాతానికి కొంచెం పైన. మరి బ్రోషర్లో 95 శాతం ఎలా వస్తుంది? ప్లేస్‌మెంట్ సెల్‌లో 'అర్హులు'గా నమోదైనవాళ్ళు 65 మందే అని తేలుస్తారు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళను, హాజరు తగ్గినవాళ్ళను, మాక్ ఇంటర్వ్యూలకు రానివాళ్ళను పక్కకు తీసేస్తారు. 65లో 62 అంటే 95 శాతం. రెండు అంకెలూ నిజమే. మీరు అడగాల్సింది ఎంతమందిలో అన్నది, అంటే భాగహారంలో కింద ఉన్న అంకె.

మీడియన్ అనే మాట దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగాలి. పదిమంది విద్యార్థుల్లో ఆరుగురికి 5 లక్షలు, ఇద్దరికి 6, ఒకరికి 8, ఒకరికి 40 లక్షలు వచ్చాయనుకోండి. సగటు 9 లక్షలు. కానీ వరుసలో నడిమధ్య నిలబడ్డవాడి జీతం 5 లక్షలే, అదే మీడియన్. యార్డులో మీరు మిర్చి టిక్కీ (బస్తా) పైన మెరిసే తేజ కాయ చూసి రేటు కట్టరు, లోపలికి చెయ్యిపెట్టి తాలు ఎంతుందో చూస్తారు. ఫ్లెక్సీ మీద ఉండే 'హయ్యెస్ట్ ప్యాకేజీ' ఆ పై కాయ.

జీతం అన్నప్పుడు సీటీసీలో (కంపెనీ మీ మీద ఏటా పెట్టే మొత్తం ఖర్చు) ఏం కలిపారో కూడా తెలియాలి. మొదటి ఏడాది మాత్రమే ఇచ్చే జాయినింగ్ బోనస్, రెండేళ్ళుంటేనే ఇచ్చే రిటెన్షన్ బోనస్, కంపెనీ వంతు పీఎఫ్, గ్రాట్యుటీ, టార్గెట్ కొడితేనే వచ్చే వేరియబుల్ అన్నీ కలిపి 12 లక్షలని రాస్తారు. నెలకు చేతికొచ్చేది 75, 80 వేలు ఉండొచ్చు. ఇందుకే ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో ప్లేస్‌మెంట్ నివేదికలకు ఒక ప్రమాణం తయారైంది, ఐపీఆర్‌ఎస్ అంటారు. స్థిర వేతనం, ఒక్కసారి ఇచ్చే నగదు, గరిష్ఠంగా సంపాదించగలిగేది ఇలా విడివిడిగా చూపించి, ఆడిట్ చేయిస్తారు. ఆడిట్ అయిన నివేదిక ఉన్న స్కూలు అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. లేనిచోట బ్రోషర్ అంకెలో నుంచి కనీసం ఐదో వంతు తగ్గించి లెక్క వేసుకోమని మా సలహా.

ఇంకో పరీక్ష ఇంట్లో కూర్చునే చేయొచ్చు. మీవాణ్ణి లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ పేజీ తెరిచి, మూడేళ్ళ క్రితం ఎంబీఏ పాసైన 30 మందిని వరసగా చూడమనండి. ఏరుకోకూడదు, వచ్చినవాళ్ళను వచ్చినట్టే చూడాలి. ఇప్పుడు ఏ పదవిలో ఉన్నారో ఒక కాగితం మీద రాయమనండి. సగానికి పైగా 'సేల్స్ ఆఫీసర్', 'రిలేషన్‌షిప్ మేనేజర్', 'బిజినెస్ డెవలప్‌మెంట్ అసోసియేట్' అని ఉంటే ఆ కాలేజీకి వచ్చే కంపెనీలు ఏవో తెలిసినట్టే. ఆ ఉద్యోగాలు తక్కువవని కాదు. కానీ వాటికి ఎంబీఏ అవసరం లేదు, మీవాడికి అవి ఈరోజే దొరుకుతాయి. పీడీఎఫ్‌లో అధ్యాపకుల పట్టికలో చేరిన తేదీలు కూడా చూడండి. తనిఖీలకు కాస్త ముందు గుంపుగా చేరినట్టు కనిపిస్తే అక్కడ ఎవరూ నిలకడగా ఉండడం లేదని అర్థం.

మీ అబ్బాయి విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఆరున్నర లక్షల ఉద్యోగం వదిలి, మీడియన్ నాలుగు లక్షల చిల్లర ఉన్నచోట చేరడం వద్దు. ఫీజు మూడు లక్షలే అనిపించొచ్చు. రెండేళ్ళ జీతం పోగొట్టుకున్నది కలిపితే ఆ సీటు ఖరీదు 15 లక్షలు దాటుతుంది. చవక సీటు కాదది.

అదే లెక్కను ఖరీదైన సీటుకూ వేయాలి. ఫీజు, హాస్టలు కలిపి 20 లక్షలు, పోయిన జీతం 13 లక్షలు, మొత్తం 33 లక్షలు అనుకుందాం. బయటికొచ్చాక 15 లక్షల సీటీసీ వస్తే, పెరిగింది ఎనిమిదిన్నర అనుకోకండి. చదవకుండా ఉద్యోగంలోనే ఉన్నా రెండేళ్ళలో ఎనిమిదిన్నరకు చేరేవాడు. తేడా ఆరున్నర, పన్నులు అవీ పోగా ఐదు. పెట్టింది తిరిగి రావడానికి ఆరేడేళ్ళు. దీనికి సిద్ధపడితే మంచి నిర్ణయమే, ఎందుకంటే ఆ తర్వాత పాతికేళ్ళ ఉద్యోగం ఉంటుంది. కానీ మూడేళ్ళలో తిరిగొస్తుందని ఎవరైనా చెబితే లెక్క అడగండి.

లోను దగ్గర ఒక మెలిక. 20 లక్షలకు 10 శాతం వడ్డీతో పదేళ్ళకు ఈఎంఐ 26,400 పైచిలుకు అని కాలిక్యులేటరు చూపిస్తుంది. చదువు రెండేళ్ళు, ఆ తర్వాత ఆర్నెల్ల వాయిదా కాలంలో వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏడాదికి పది లక్షల చొప్పున తీసుకున్నా కట్టడం మొదలుపెట్టేనాటికి బాకీ 24 లక్షలకు చేరుతుంది, ఈఎంఐ 31,700 అవుతుంది. చేతికి 90 వేలు వచ్చేవాడికి అది మూడో వంతు కంటే ఎక్కువ. మీకు వీలైతే చదువు నడుస్తుండగానే వడ్డీ వరకు కట్టేయండి. మీ దగ్గర 35 లక్షలు ఉన్నాయన్నారు కాబట్టి అందులో కొంత ఇందుకు ఉంచుకోవడం మేలు.

ర్యాంకు నిజంగా డబ్బుల్లోకి మారే చోటు కూడా ఇదే. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో తాకట్టు, హామీదారు లేకుండా లోను ఇస్తారు. కానీ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల జాబితాలో కాలేజీ ఉండాలి. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోను మీద వాయిదా కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. స్టేట్ బ్యాంకు స్కాలర్ లోనుకు కూడా కాలేజీలను తరగతులుగా విడగొట్టిన సొంత జాబితా ఉంది. బ్యాంకు ఏ కాలేజీకి తాకట్టు అడగకుండా ఎంత ఇస్తుందో కనుక్కోండి. డబ్బు పెట్టేవాడు ఇచ్చే ర్యాంకు అది, పత్రికల జాబితాల కంటే నిక్కచ్చిగా ఉంటుంది.

మీవాడు ఎక్కడ ప్రయత్నించాలి? 14వ ర్యాంకా 17వ ర్యాంకా అని తల బద్దలు కొట్టుకోకుండా మెట్లుగా విడగొట్టుకోమనండి. పై మెట్టు మీద ఐఐఎం అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా, ఐఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ఢిల్లీ ఎఫ్‌ఎంఎస్. తర్వాత లక్నో, కోజికోడ్, ఇండోర్ ఐఐఎంలు, ఒకప్పుడు ఎన్‌ఐటీఐఈగా ఉన్న ఐఐఎం ముంబై, ఎస్‌పీ జైన్, ఎండీఐ, ఐఐటీల మేనేజ్‌మెంట్ శాఖలు. ఆ తర్వాత తిరుచ్చి, ఉదయ్‌పూర్, రాయ్‌పూర్ లాంటి ఐఐఎంలు, మన విశాఖపట్నం ఐఐఎం. 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలైన విశాఖ సంస్థకు ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్ ఉంది. దీంతోపాటు క్యాట్ స్కోరుతో తీసుకునే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏను తప్పకుండా చూడమనండి. ఫీజు చాలా తక్కువ, లెక్కలో అందుకే ముందుకొస్తుంది. ఒకే మెట్టు మీద ఉన్నవాటి మధ్య ఎంపికకు ఖర్చు, ఊరు, కావలసిన రంగం చూసుకోవాలి. అంతకుమించి ర్యాంకుకు పనిలేదు.

క్యాట్ నవంబరు చివర్లో ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే ముగుస్తుంది. విజయవాడ, గుంటూరుల్లో పరీక్ష కేంద్రాలున్నాయి. ఉద్యోగం మానేసి చదవాల్సిన పనిలేదు. మన పిల్లలకు ఒక భ్రమ ఉంటుంది, ఇంటర్‌లో 970 వచ్చాయి కాబట్టి ఆ మార్కులు కలిసొస్తాయని. ఐఐఎం బెంగళూరు లాంటివి పది, ఇంటర్ మార్కులను ఉన్నవున్నట్టు తీసుకోవు. అదే బోర్డు నుంచి క్యాట్‌కు వచ్చినవాళ్ళలో 90వ పర్సంటైల్ దగ్గరున్న మార్కుతో భాగిస్తారు. మన బోర్డులో అందరికీ దండిగా వస్తాయి కాబట్టి ఆ లాభం అక్కడ కరిగిపోతుంది. మగపిల్లాడు, ఇంజనీరు, జనరల్ కేటగిరీ అయితే 99 పర్సంటైల్ పైన గురిపెట్టాలి. ఈసారి రాకపోతే ఉద్యోగంలో ఇంకో ఏడాది, రెండేళ్ళు ఉండి ఐఎస్‌బీకి వెళ్ళే దారి ఉంది. అక్కడి ప్రధాన పీజీపీకి కనీసం 24 నెలల అనుభవం కావాలి, ఎక్కువమంది అంతకంటే ఎక్కువతోనే వస్తారు. ఫీజు పెద్దదే గానీ కోర్సు ఏడాదే, పోయే జీతం కూడా ఒక్క ఏడాదిదే. జీమ్యాట్ స్కోరు చెప్పేవాళ్ళు పాతదా కొత్తదా అడగండి. ఇప్పుడున్న పరీక్షలో స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది. ఇందులో 645 అంటే పాత 700కు దగ్గర.

అమ్మాయి విషయం వేరు. బీబీఏకు ప్రభుత్వ ర్యాంకుల జాబితా అంటూ విడిగా లేదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ మేనేజ్‌మెంట్ ర్యాంకు చూసి బీబీఏలో చేర్చడం తప్పు. ఒకే ప్రాంగణంలో ఉన్నా అధ్యాపకులు, వచ్చే కంపెనీలు, చేరే పిల్లలు అన్నీ వేరు. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలు కూడా ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి ఎక్కడ చేర్చినా ముందు ఆ అనుమతి ఉందో లేదో చూడండి.

మాకు ముందుగా తోచేది ఐదేళ్ళ ఐపీఎం, అంటే ఇంటర్ తర్వాత నేరుగా ఐఐఎంలో డిగ్రీ, పీజీ కలిపి చదివే కోర్సు. ఐఐఎం ఇండోర్ 2011లో మొదలుపెట్టింది, రోహ్‌తక్ తర్వాత తెచ్చింది, జమ్మూ, బోధ్‌గయ జిప్‌మ్యాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటాయి. ఇండోర్‌లో మూడేళ్ళ తర్వాత డిగ్రీతో బయటికొచ్చే వీలుంది, నిలిస్తే చివరి రెండేళ్ళు పీజీపీ వాళ్ళతో కలిసి చదువుతారు. మళ్ళీ క్యాట్ రాయనక్కర్లేదు. ఖర్చు మాత్రం ఎక్కువ, మీ 35 లక్షలను అన్నాచెల్లెళ్ళిద్దరూ పంచుకోవాలి కదా. ఇండోర్ పరీక్షలో ఒక్కో విభాగానికి 40 నిమిషాలు. ఎంఈసీ పిల్లలు లెక్కల్లో నెట్టుకొస్తారు, వెర్బల్ దగ్గర చతికిలపడతారు. ఇప్పటినుంచే రోజూ ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం చదివించండి.

ఐపీఎం కాకపోతే ఢిల్లీ యూనివర్సిటీ. షహీద్ సుఖ్‌దేవ్ కాలేజీలో బీఎంఎస్ (మేనేజ్‌మెంట్ డిగ్రీ), శ్రీరామ్ కాలేజీ ఆఫ్ కామర్స్ (ఎస్‌ఆర్‌సీసీ)లో బీకాం ఆనర్స్. ప్రైవేటు బీబీఏతో పోలిస్తే ఫీజు నామమాత్రం, ఖర్చంతా ఉండటానికీ తినడానికే. ప్రైవేటుగా పన్నెండు, పదిహేను లక్షలు పోసి బీబీఏ చేయించి, తర్వాత మళ్ళీ ఎంబీఏకు పాతిక లక్షలు పెట్టడం మాకు సమ్మతం కాదు. ఎంబీఏ మొదటి ఏడాదిలో చెప్పే మార్కెటింగ్, అకౌంట్స్ పాఠాలు అప్పటికే చదివేసి ఉంటుంది. డిగ్రీలో అర్థశాస్త్రమో, స్టాటిస్టిక్సో, బీకామో గట్టిగా చదివితే ఎంబీఏ వేళకు ఎక్కువ అక్కరకొస్తుంది. విజయవాడ, గుంటూరుల్లో ఎంఈసీ అంటే అందరూ సీఏ వైపే తోస్తారు. అమ్మాయికి ఇష్టమైతే సరే. ఇక్కడే మంచి కాలేజీలో బీకాం చేస్తూ సీఏ చదివి, తర్వాత ఐఐఎం ఇంటర్వ్యూకు వెళ్ళినవాళ్ళను ఇంజనీర్ల గుంపులో ప్రత్యేకంగా చూస్తారు.

అమెరికా జాబితా గురించి క్లుప్తంగా: యూఎస్ న్యూస్ బీబీఏ ర్యాంకు పూర్తిగా డీన్లు, సీనియర్ ప్రొఫెసర్లు ఇతర స్కూళ్ళకు ఇచ్చే మార్కుల మీదే ఆధారపడుతుంది. జీతాలు, ఉద్యోగాలు అందులో లేవు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూళ్ళలో డిగ్రీ స్థాయి కోర్సే లేదు. ఆ పేర్లు చూపించి ఎవరైనా మాట్లాడితే అక్కడే ఆపేయండి. కన్సల్టెన్సీ ఆయన్ని రెండు ప్రశ్నలు వేయండి. ఆ కాలేజీ నుంచి మీకు కమీషన్ ఉందా, ఆ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కింద వస్తుందా అని. స్టెమ్ అయితే చదువయ్యాక పనిచేయడానికి 12 నెలలకు అదనంగా 24 నెలలు దొరుకుతాయి. కాకపోతే ఏడాదే. నాలుగేళ్ళ ఫీజు, ఇల్లు, తిండి కలిపితే మీరు చెప్పిన బడ్జెట్‌లో స్కాలర్‌షిప్ లేకుండా అది కుదరదు.

ఇప్పటికిప్పుడు అమ్మాయి చేయాల్సింది ఒకటుంది. ఢిల్లీ యూనివర్సిటీకి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, దరఖాస్తులు సాధారణంగా ఏడాది మొదటి మూడు నెలల్లో, అదీ ఇంటర్ పరీక్షల హడావిడి మధ్యలో వస్తాయి. అప్పుడు నెట్ సెంటర్‌లో ఎవరో ఒకరు సబ్జెక్టులు టిక్ చేసేస్తారు. బీఎంఎస్‌కు ఇంగ్లీషు, మ్యాథ్స్, జనరల్ టెస్ట్ మూడూ ఉండాలి. బీకాం ఆనర్స్‌కు భాషతోపాటు మ్యాథ్స్ లేదా అకౌంట్స్ ఉండాలి, ఇంటర్‌లో చదివిన సబ్జెక్టే రాయాలి. జనరల్ టెస్ట్ ఎంచుకోకపోతే ఎన్ని మార్కులొచ్చినా బీఎంఎస్‌కు పోటీలోనే ఉండదు. ఫారం నింపే ముందు ఆ కోర్సుకు విశ్వవిద్యాలయం ప్రకటించిన అర్హతల పేజీ ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, సబ్జెక్టులు అమ్మాయి చేతే ఎంచుకోనివ్వండి.